స్టఫ్ తిండి కిందికి రాదు

మా బావమరిదికి బొడ్డు పైన చిన్న బుడిపె లేచింది. నిలబడితే నిమ్మకాయంత కనిపించేది. వెల్లకిలా పడుకుంటే లోపలికి పోయేది. చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా చొక్కా బయటికి వదిలేసి తిరిగాడు. కొత్తకోటలో అతనికి సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉంది. హమాలీలు ఉన్నా ఆగలేక తానే బస్తా ఎత్తే మనిషి. ఒకరోజు అలాగే ఎత్తబోయి పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడని అతని భార్య నాకు ఫోన్ చేసింది. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను కాబట్టి దవాఖానకు తీసుకుపోవడం నా పని అయింది.

డాక్టరు చూసి హెర్నియా అన్నాడు. ఆపరేషన్ తప్పదన్నాడు. కానీ ఇంత బరువుతో, ఇంత షుగర్‌తో ఇప్పుడే కోస్తే కుట్లు నిలవవని, పొట్ట గోడలో పడ్డ సందుకు అడ్డంగా లోపల వేసే జాలీ కూడా పట్టుకోదని చెప్పాడు. ముందు ఒక పది కిలోలు తగ్గాలి. ఈలోపు పేగు ఆ సందులో ఇరుక్కుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుందన్నాడు.

"ఏం తింటున్నరు?" అని అడిగాడు.

"పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు, రాత్రికి ఒకటి. అన్నం ముడ్తనే లేను సార్."

డాక్టరు నా వైపు చూశాడు. నాకు తెలిసినంతవరకు అది నిజమే కాబట్టి తల ఊపాను. మూడు రొట్టెలు తినే మనిషికి అంత పొట్ట ఎలా వచ్చిందో డాక్టరుకూ తోచినట్టు లేదు. మాత్రలు మార్చి, మూడు నెలలకు రమ్మన్నాడు.

నా భార్య అతనికి అక్క. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది. మా దిక్కు దినాలు అయిపోయాక దగ్గరి చుట్టం ఒకరు, మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి పిలుచుకుపోయి మాంసం పెట్టి, కల్లో సారో తాగిస్తారు. మళ్ళీ నలుగురిలో పడాలని దాని అర్థం అనుకుంటాను. మా బావమరిది నన్ను బస్టాండు దగ్గర ఉన్న ఒక బార్ అండ్ రెస్టారెంటుకు తీసుకుపోయాడు. ఆ ఒక్కసారితో అయిపోవాల్సింది. కానీ తర్వాతి శనివారం దుకాణానికి సరుకు చెప్పడానికి వచ్చి మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ తర్వాత శనివారాలన్నీ అట్లాగే అయ్యాయి. నేను నిమ్మసోడా తాగేవాణ్ణి, అతను విస్కీ. చీకటి పడుతుండగా కొత్తకోట బస్సు ఎక్కేవాడు.

ఇంట్లో కొడుకు, కోడలు ఉన్నారు. అక్కడ ఆమె మాట ఎత్తితే ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోతారు. బార్‌లో ఆమె గురించి ఎంతసేపు మాట్లాడినా ఎవరూ లేచిపోరు. చిన్నప్పుడు ఆమె చెట్టెక్కి దిగరాక అరిచిన సంగతి నేను అక్కడే మొదటిసారి విన్నాను. నాకు తెలియని ఆమె అతని దగ్గర ఉంది. అతనికేమన్నా అయితే అదీ పోతుందన్న ఆలోచన దవాఖాన మెట్లు దిగుతుండగా వచ్చింది.

అందుకే తర్వాతి శనివారం మెనూ కార్డు చేతికి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. అన్నాళ్ళుగా ఆ బార్‌కు పోతున్నా దాన్ని తెరిచింది లేదు. బార్ మానేద్దామని నేను అనలేదు, అతనూ అనలేదు. అక్కడే తేలికైన తిండి ఏముందో వెతకాలనుకున్నాను.

"కేలరీ అంటే ఏంది బావా? అందరు అదే అంటున్నరు," అన్నాడు.

"తిండి లోపల ఎంత వేడి ఉన్నదో లెక్క. కట్టెలు కాలితే వేడి వస్తది కద, గట్ల."

"అయితే వేడి చేసేటివి తినొద్దు, చలువ చేసేటివి తినాలె. గింతే కద."

"గా వేడి వేరు, గీ వేడి వేరు."

"ఎట్ల వేరు? మామిడిపండు వేడి. కోడిగుడ్డు వేడి. పెరుగు చలువ, కీర చలువ, నెయ్యి చలువ."

"నెయ్యా?"

"మా అవ్వ చెప్పింది. కంటికి గూడ మంచిది."

నేను ఇంట్లో కూర్చుని రెండు పుస్తకాలు తిరగేసి వచ్చాను. అయినా అతని లెక్క నా లెక్క కంటే గట్టిగా నిలబడింది. నేను చెప్పేది నిన్న మొన్నటి మాట, అతనిది అవ్వ మాట. నెయ్యిలో అన్నిటికంటే ఎక్కువ కేలరీలు ఉంటాయని నేనంటే, సర్వర్‌ను పిలిచి, "భాయ్, నువ్వు చెప్పు, నెయ్యి చలువనా కాదా?" అని అడిగాడు. సర్వర్ మధ్యవయసు మనిషి, ఎప్పుడూ మా బల్లకే వచ్చేవాడు. "చలువనే సేట్," అన్నాడు. నేను ఓడిపోయాను.

కార్డులో కొన్నిటి పక్కన డ్రై అని, కొన్నిటి పక్కన గ్రేవీ అని ఉంది. ఇద్దరం ఆలోచించి డ్రై వైపు మొగ్గాం. పొడిగా ఉన్నదాంట్లో నూనె ఎట్లా ఉంటుంది? మూడు వారాలు చిల్లీ చికెన్ డ్రై, మటన్ ఫ్రై డ్రై తెప్పించుకుని, మంచి పని చేస్తున్నామనుకుంటూ తిన్నాం. మూడో వారం ఒక ముక్కను టిష్యూ కాగితం మీద పెట్టి, కాసేపటికి తీసి, కాగితాన్ని ట్యూబ్‌లైటు వైపు పట్టి చూశాను. చుట్టూ అరచేయంత మరక, దాని గుండా వెలుతురు కనిపిస్తోంది.

"ఏంది బావా, చికెన్‌కు పరీక్ష పెట్టినవా?"

"పెట్టిన."

"పాసయిందా?"

"ఫెయిల్."

సర్వర్ కంగారుగా వచ్చాడు. "ఏమైంది సార్, ఈగ పడ్డదా?"

"ఈగ కాదు భాయ్. డ్రై అన్నవ్ కద, ఇంత నూనె ఏంది?"

"డ్రైనే సార్," అన్నాడు అతను, ముక్కను వంగి చూసి. "పులుసు లేదు కద."

మా బావమరిది నవ్వి నవ్వి బుడిపె మీద చేయి పెట్టుకున్నాడు. నవ్వినా నొప్పి లేస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతిదాన్నీ కాగితం మీద పెట్టి చూడటం నాకు అలవాటైంది. మసాలా పాపడ్ ఒక్క ముక్కకే కాగితం అంతా తడిసింది. తందూరీ చికెన్‌కు మరక చిన్నగానే ఉంది, కానీ పైన పూసిన వెన్న వల్ల అది పసుపు పచ్చగా ఉంది. కీర, ఉల్లిగడ్డ ముక్కలకు నీటి చెమ్మ తప్ప ఏమీ అంటలేదు. నాకిది బాగా నచ్చింది. మనిషి పోయిన తర్వాత నాకు ఏ పుస్తకం మీదా మనసు నిలవలేదు. రెండు పేజీలు చదివేలోపు కళ్ళు కిటికీలోకి పోయేవి. ఈ మరకల మీద మాత్రం నిలిచింది.

పక్క బల్లవాళ్ళు నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనుకున్నారని సర్వర్ చెప్పాడు. ఆ వారం మాకు వచ్చిన ప్లేట్లు మరీ శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత గుడాలు తెప్పించాను. శనగలు ఉడకబెట్టి తాళింపు వేస్తారు. తాళింపు లేకుండా ఇమ్మంటే సర్వర్ లోపలికి పోయి తిరిగి వచ్చి, వంటాయన ఒప్పుకోవడం లేదన్నాడు.

"ఎందుకట?"

"తాళింపు లేని గుడాలు ఎద్దులకు పెడ్తరు, వారంవారం వచ్చే గిరాకీకి పెట్టను అంటున్నడు సార్."

నిజమే, మా దిక్కు ఉలవలు అట్లా ఉడకబెట్టి దున్నేకాలంలో ఎడ్లకు పెడతారు. ఎంత చెప్పినా వినని వంటాయన చివరికి ఎట్లాగో పంపించాడు. తినబోతే పైన నూనె మెరుస్తోంది. చెప్పిన మాట వింటూనే ఒక గరిటె వేడి నూనె పోసి, పైన కొత్తిమీర చల్లాడు. అతని లెక్కలో అది తాళింపు కాదు, గౌరవం.

"తిను బామ్మర్ది," అన్నాను.

"తింట గని, పొద్దుగాల నాగలికి మాత్రం కట్టకు బావా."

ఇంత చేస్తున్నా బరువు తగ్గలేదు. దుకాణంలో బస్తాలు తూచే కాంటా మీద నిలబడి ఫోన్‌లో చెప్పేవాడు. ఒక వారం కిలో తగ్గితే మరో వారం అదే కిలో వచ్చేది. నేను రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగేవాణ్ణి. "ఏం తినలే బావా, పొద్దుగాలటి రొట్టెలే," అనేవాడు. ఆ గొంతులో అబద్ధం లేదు. అబద్ధం ఆడితే అతనికి నవ్వు వస్తుంది, దాచుకోలేడు.

ఒక శనివారం నేను కార్డు చూస్తున్నాను, అతను దుకాణం గొడవ ఏదో చెప్తున్నాడు. బల్ల మీద ఎప్పటిలాగే ఒక గిన్నెలో వేయించిన పల్లీలు, ఇంకో గిన్నెలో మిక్చర్. వాటిని స్టఫ్ అంటారు. మందుతో పాటు వచ్చేవి, అడగకుండానే పెడతారు. అతని చేయి గిన్నెకూ నోటికీ మధ్య తిరుగుతూనే ఉంది. గిన్నె ఖాళీ అయింది. సర్వర్ నింపాడు. ఖాళీ గిన్నె బల్ల మీద ఉండటం అక్కడ తప్పు. అదీ అయిపోయింది.

"జల్దీ చెప్పు బావా," అన్నాడు. "పొద్దున్నుంచి ఏం తినలే, కడుపు కాలుతాంది."

నేను కార్డు పక్కన పెట్టాను.

"ఇప్పుడు తిన్నదేంది?"

"ఎప్పుడు?"

"ఇప్పుడు. గీ రెండు గిన్నెలు."

అతను గిన్నెల వైపు చూశాడు. వాటిని అప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు. "గిది తినుడు ఎట్లయితది బావా? స్టఫ్ కద."

నాకు అప్పుడు అర్థమైంది. మనం తిన్నవా అని అడిగితే అన్నం తిన్నావా, రొట్టె తిన్నావా అని. ఆ మాటలో మిగతాది లేదు. తర్వాత అడగగా అడగగా తెలిసింది, దుకాణం ముందు బండి మీద మిర్చీలు తినుడు కాదట. చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు తినుడు కాదు, తాగుడు కిందికి వస్తాయి. పెండ్లిళ్ళలో బువ్వకు ముందు పెట్టేవి రుచి చూసుడు. డాక్టరుకు అతను చెప్పినదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు. డాక్టరు అడిగిన మాటే అన్నం, రొట్టెల దగ్గర ఆగిపోయింది.

నా భార్య ఇదే మాటను రెండోవైపు నుంచి వాడేది. నేను ఆలస్యంగా ఇంటికి వచ్చి తిన్నవా అంటే, "తిన్న," అనేది. కూరలో ఉప్పు చూసినా తిన్నట్టే ఆమెకు. తమ్ముడు తిని తినలేదంటాడు, అక్క తినకుండా తిన్నానంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి ఆ మాటను నేర్చుకున్నారు. ఆమె తిన్నానన్నప్పుడు ఎన్నిసార్లు నిజంగా తిన్నదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఆ సంగతి అతనికి చెప్పాను. అంతలో సర్వర్ వచ్చి గిన్నెలు మళ్ళీ నింపి పోయాడు. తర్వాత, "అక్క గట్లనే. మా అమ్మ గూడ గట్లనే అంటుండె," అన్నాడు. గిన్నెను చేత్తో నా వైపు జరిపాడు. కాసేపటికి చేయి తనంతట తానే వచ్చి గిన్నెను మళ్ళీ లాక్కుంది.

ఆ తర్వాత రెండు వారాలు స్టఫ్ పెట్టొద్దని సర్వర్‌కు చెప్పి చూశాం. "పైసలు తీసుకోము సార్, ఫ్రీనే," అని నొచ్చుకున్నాడు. పెట్టకపోతే మేనేజర్ తననే అంటాడట. తెచ్చి బల్ల అంచున పెట్టి పోయేవాడు. బల్ల అంచు అతని చేతికి ఎంతో దూరం కాదు.

అంతలో ఒక మంగళవారం పగలు ఫోన్ వచ్చింది. "బావా, గట్టిగయింది. లోపలికి పోతలేదు," అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. బస్తా ఎత్తలేదట, ఒట్టి దగ్గే. వాళ్ళు కారులో దవాఖానకు వచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. పొట్ట పట్టుకుని సీటులో ముడుచుకుని ఉన్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. డాక్టరు పడుకోబెట్టి, మంచాన్ని తలవైపు కిందికి దించి, బుడిపెను మెల్లగా అదుముతూ చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి లోపలికి పోయింది. బయటికి వచ్చి నాతో, "ఈసారి పోయింది. మళ్ళొకసారి ఇరుక్కుంటే బరువు, షుగర్ చూడకుండ కోయాల్సి వస్తది. అప్పుడు నేను గ్యారంటీ ఇవ్వలేను," అన్నాడు.

ఆ శనివారం కూడా బార్‌కు వచ్చాడు. కూర్చున్నాడు గానీ జోకులు లేవు.

"బావా, చెయ్యి నా మాట వింటలేదు," అన్నాడు. "నువ్వు చదివినోనివి. ఏమన్న చెప్పు."

నాకు పుస్తకాల్లో దొరికింది ఏదీ అక్కడ పనికిరాదు. ఆ వారమంతా ఆలోచించింది మాత్రం ఒకటి ఉంది. అతని మాటనే పట్టుకుందామనుకున్నాను. తినని మనిషి చేయి ఊరుకోదు. కానీ తిన్న మనిషి ఎవరింటికి పోయినా, ఎంత బతిమాలినా, "ఇప్పుడే తిన్న," అని చేయి అడ్డం పెడతాడు. చేయి కడుక్కున్నాక మళ్ళీ ముట్టుకోవడం మన దగ్గర మర్యాద కాదు.

సర్వర్‌ను పిలిచి రెండు పుల్కాలు, తాళింపు వేయని పప్పు, వెన్న పూయని తందూరీ సగం, కీర ముక్కలు తెమ్మన్నాను.

"మందు?"

"తిన్నంక."

"భోజనం ముందుగాలనా సార్?" అతను నవ్వలేదు, భయపడ్డాడు. "అందరు లేచేటప్పుడు తింటరు. ఎవరన్న కోపం చేసిండ్రా?"

మా బావమరిదికి కూడా అది పూజకు ముందు ప్రసాదం తిన్నట్టుగా ఉంది. అటూ ఇటూ చూసుకుంటూ తిన్నాడు. పప్పులో తాళింపు ఉంది, వంటాయన ఆ ఒక్కటి ఎప్పటికీ వదలలేదు. తినడం అయ్యాక లేచి పోయి, చేయి కడుక్కుని, మూతి తుడుచుకుని వచ్చాడు. సర్వర్ పల్లీలు, మిక్చర్ తెచ్చి పెట్టాడు. నేను చూస్తూ కూర్చున్నాను. అతని చేయి బల్ల మీదికి వచ్చింది. గిన్నె దగ్గరిదాకా పోయింది. గ్లాసు పట్టుకుంది.

"తినవా?" అన్నాను.

"ఇప్పుడే తింటి కద బావా," అన్నాడు చిరాకుగా. తర్వాత తానేం అన్నాడో తనకే వినిపించి నా వైపు చూశాడు.

సగం పెగ్గు గ్లాసులోనే మిగిలింది. కడుపు నిండినంక మందు ఎక్కడం లేదని గొణిగాడు. అది మేము అనుకోనిది.

దుకాణంలోనూ అదే పద్ధతి పెట్టుకున్నాడు. మిర్చీల బండి వచ్చే వేళకు ముందే రొట్టె, పప్పు తిని చేయి కడుక్కునేవాడు. బండివాడు పిలిస్తే, "తిన్న," అనేవాడు. మధ్యలో తప్పిన రోజులు ఉన్నాయి. ఒక పెండ్లిలో బువ్వ ఆలస్యమైందని ఫోన్ చేసి, ఆ సందులో ఏమేం రుచి చూశాడో వరుసగా చెప్పాడు. వింటుంటే నాకే కడుపు బరువెక్కింది. కానీ కాంటా మీద అంకె మెల్లగా కిందికి రావడం మొదలైంది. ప్యాంటుకు కొత్త బెల్టు కొన్నాడు.

"నువ్వు కాయితాలు చూసుడే గని తింటలేవు," అని ఒక రోజు నా ప్లేటు చూసి అన్నాడు. అప్పుడు నేను తందూరీ ముక్క కింద నుంచి టిష్యూ తీస్తున్నాను. మాట మార్చాను.

డాక్టరు చెప్పిన పది కిలోలు తగ్గలేదు. ఏడు తగ్గాడు. కానీ షుగర్ చూసి డాక్టరు ఆశ్చర్యపోయి, ఇంక ఆగొద్దని, వచ్చే వారమే చేద్దామన్నాడు. ఏం మందు వాడారని అడిగాడు. మా బావమరిది నా వైపు చూశాడు. "చెయ్యి కడుక్కున్న సార్," అన్నాడు చివరికి. డాక్టరు అది శుభ్రత సంగతి అనుకుని మెచ్చుకున్నాడు.

ఆపరేషన్ పొద్దున్నే పెట్టారు. లోపలికి తీసుకుపోతుంటే భార్యతో ఏదో పరాచికమాడాడు గానీ నా చేయి గట్టిగా పట్టుకుని వదిలాడు. ఆమె, నేను బయట బెంచీ మీద కూర్చున్నాం. నా భార్య పోయిన రోజు వేరే దవాఖానలో ఇట్లాంటి బెంచీ మీదే కూర్చున్నాను, ఆ రోజు బయటికి వచ్చిన డాక్టరు మమ్మల్ని చూడకుండా ముందు నేల చూశాడు. అందుకే తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను డాక్టరు కళ్ళు ఎటు ఉన్నాయో చూశాను.

ఈ డాక్టరు నేరుగా మా వైపు చూస్తూ వచ్చాడు. మంచిగా అయిందన్నాడు. లోపల పేగు పొర కొంచెం అతుక్కుని ఉందట, ఇంకో నెల ఆగితే కష్టమయ్యేదట. జాలీ బాగా కూర్చుందన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, "అన్నా, ఆయనకు తెలివి వచ్చెటాల్లకు ఇంక టైం పడ్తదట. మీరు పోయి టిఫిన్ చేసి రాండ్రి. నేనుంట," అంది.

దవాఖాన ఎదురుగా ఒకామె ఇడ్లీ బండి నడుపుతోంది. మూత తీస్తే ఆవిరి వచ్చింది. నాకు కడుపులో గట్టిగా మెలిపెట్టినట్టయింది. నొప్పి అనుకుని ఒక క్షణం నిలబడిపోయాను. ఆకలి. అట్లాంటిది చాలా రోజులుగా లేక, గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎన్ని పెట్టాలె?" అంది ఆమె.

"ఎన్నున్నయి?"

ఆమె నవ్వి ప్లేటు నిండా పెట్టింది. పైన పల్లిచట్నీ పోసి, నేను చూస్తుండగానే దాని మీద ఒక చెంచా నూనె తాళింపు వేసింది. నిలబడి తిన్నాను. అవి అయిపోయాక ప్లేటు మళ్ళీ చాపాను.